కొత్త లాప్‌టాప్‌ల లినక్స్ ఎక్కుతలేదా, ముందు ఎక్కడ ఆగిందో చూడుండ్రి

మా నల్లగొండల ఇంజినీరింగ్ పిల్లలు ల్యాబ్ కోసమని లినక్స్ వేసుకుందామని రాత్రి పదింటికి కూసుంటరు, రెండింటికి నాకు ఫోన్ చేస్తరు, "అన్నా ఎక్కుతలేదు" అని. ఎక్కుతలేదు అంటే ఏంది? పెన్‌డ్రైవే కనపడతలేదా, కనపడి నల్ల స్క్రీన్ వచ్చిందా, ఇన్‌స్టాలర్ దాకా పోయి డిస్క్ దొరకతలేదా, అంతా అయినంక వైఫై రాతలేదా? ఇవన్నీ వేరేవేరే జబ్బులు, ఒకదాని మందు ఇంకోదానికి పని చెయ్యది. కాని మనోళ్ళు ఏ జబ్బయినా సరే మల్ల మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేస్తరు, అట్ల నాలుగుసార్లు చేసి ఐదోసారి ఉన్న విండోస్ గూడ పోగొట్టుకొని, దాంట్ల ఉన్న ఫొటోలు, రికార్డులు, ప్రాజెక్టు అన్నీ పోయినయని ఏడుస్తరు. ఆ ఏడుపు చూడలేకనే ఇంత పొడుగు రాస్తున్న.

ఐదారేండ్ల కిందటి లాప్‌టాప్ అయితే ఇదంతా చాలామటుకు అక్కర లేదు, పెన్‌డ్రైవ్ పెట్టినమా, అరగంటల అయిపోయిందా, గంతే. కొత్తదాంట్ల ఎందుకు సతాయిస్తదంటే రెండు కారణాలు. ఒకటి, లినక్స్‌ల డ్రైవర్లు, అంటే ఒక్కో చిప్‌ని నడిపిచ్చే సాఫ్ట్‌వేర్లు, మస్తుమటుకు కెర్నల్ (లినక్స్ గుండెకాయ) లోపలనే ఉంటయి, విండోస్ లెక్క కంపెనీ సైట్ల నుంచి ఒక్కొక్కటి తెచ్చుకునేది తక్కువ. ఇది మంచిదే, కాని మీ లాప్‌టాప్‌ల చిప్ కొత్తది, మీ పెన్‌డ్రైవ్‌ల కెర్నల్ పాతది అయితే ఆ కెర్నల్‌కి ఆ చిప్ ఏందో తెల్వది. సీనియర్ దగ్గర ఉన్న పెన్‌డ్రైవ్ తెచ్చుకొని వేస్తరు చూడు, చాలా వరకు గొడవ ఆడ్నే మొదలయితది. లినక్స్‌ల ఒక రకమైన ఉబుంటునే తీసుకోండ్రి, 24.04 మొదటి ఐఎస్‌ఓ (పెన్‌డ్రైవ్‌లకు ఎక్కించే ఇన్‌స్టాల్ ఫైలు) 2024 ఏప్రిల్ల వచ్చింది, దాంట్ల కెర్నల్ 6.8. అదే 24.04.3 ఐఎస్‌ఓ 2025 ఆగస్టుల వచ్చింది, దాంట్ల కెర్నల్ 6.14. పేరు రెండిటికీ 24.04 అనే ఉంటది, లోపల సామాను మాత్రం ఏడాదికి పైగా తేడా. అందుకే చివరల ఉన్న ఆ చుక్క, దాని పక్క అంకె చూసి, ఉన్నదాంట్ల కొత్తది డౌన్‌లోడ్ చేసుకోవాలె. మరీ మొన్ననే వచ్చిన లాప్‌టాప్ అయితే ఫెడోరా అనే ఇంకో రకం లినక్స్ గూడ చూడొచ్చు, దాంట్ల కెర్నల్ ఎప్పటికప్పుడు కొత్తది వస్తనే ఉంటది.

రెండో కారణం విండోస్ 11 వేసిపెట్టిన తాళాలు. అవి ఏందో తెలిస్తే సగం గొడవ పోయినట్టే, కాబట్టి ముందు వాటి సంగతే చెప్త.

విండోస్‌ల ఉన్నప్పుడే చేసుకునే పని

మా మేనకోడలు మిర్యాలగూడ పిల్ల, మా బావ కిస్తీల మీద కొత్త లాప్‌టాప్ కొనిచ్చిండు. "మామా, లినక్స్ వెయ్యవా" అంటే సరే అని కూసున్న. బయోస్‌ల (విండోస్ కంటే ముందు వచ్చే లాప్‌టాప్ సొంత సెట్టింగ్స్) ఒక సెట్టింగ్ మార్చి రీస్టార్ట్ చేసిన, అంతే, నీలం స్క్రీన్ వచ్చి బిట్‌లాకర్ రికవరీ కీ కొట్టుమన్నది. 48 అంకెలు, ఆరేసి అంకెలు ఎనిమిది ముక్కలు. పిల్లకు ఆ పేరే తెల్వది, ఎవరూ ఆన్ చెయ్యలేదు గూడ. సంగతి ఏందంటే ఇప్పుడొచ్చే విండోస్ 11 లాప్‌టాప్‌లల మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తోని లాగిన్ కాంగనే డిస్క్ ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేకుండ ఎవరూ చదవకుండ డిస్క్‌కి వేసే బిట్‌లాకర్ తాళం, చాలామటుకు దానంతట అదే ఆన్ అయితది, కీ పోయి ఆ అకౌంట్‌ల కూసుంటది. మంచిది, మరి అకౌంట్ ఎవరిది? లాప్‌టాప్ అమ్మిన షాపుల పిలగాడు మొదటిసారి ఆన్ చేసిచ్చేటప్పుడు తన సొంత మెయిల్‌తోని లాగిన్ చేసిండట! కీ అంతా ఆయన అకౌంట్‌ల ఉన్నది. తెల్లారి బావ, నేను షాపుకు పోయి, ఆ పిలగాడిని పట్టుకొని, ఆయన ఫోన్లనే అకౌంట్ తెరిపిచ్చి, ఒక్కొక్క అంకె కాగితం మీద రాసుకొని వచ్చినం. ఆ పిలగాడు మంచోడు కాబట్టి ఇచ్చిండు, ఆడ పని మానేసి పోయి ఉంటే పిల్ల రికార్డులన్నీ పోయినట్టే. ఆ రాత్రి పిల్ల మొఖం నాకు ఇప్పటికీ యాదికి వస్తది.

అందుకే లాప్‌టాప్ మీదయినా, మీ చెల్లెదయినా, మొట్టమొదలు విండోస్ సెట్టింగ్స్‌ల అకౌంట్స్ కాడికి పోయి ఏ మెయిల్ ఉందో చూడుండ్రి. మీది కాకపోతే ముందు మీది పెట్టుకోండ్రి. తర్వాత మైక్రోసాఫ్ట్ అకౌంట్ సైట్‌ల డివైజెస్ కాడ రికవరీ కీ ఉంటది, ఆ 48 అంకెలు కాగితం మీద రాసుకోండ్రి, ఫోన్ల ఫొటో తీసుకోండ్రి, అదే లాప్‌టాప్‌ల మాత్రం దాచిపెట్టకండ్రి, తాళంచెవి ఇంట్ల పెట్టి బయటి నుంచి తాళం వేసినట్టయితది. ఆ తర్వాత ప్రైవసీ అండ్ సెక్యూరిటీల డివైస్ ఎన్‌క్రిప్షన్ అని ఉంటది, దాన్ని ఆఫ్ చేసి మొత్తం డీక్రిప్ట్ అయ్యేదాకా ఆగాలె, డిస్క్ నిండుగ ఉంటే చాలాసేపు పడ్తది, చార్జర్ పెట్టి అన్నం తిని రాండ్రి. విండోస్ ప్రో ఉన్నోళ్ళకు బిట్‌లాకర్ సస్పెండ్ అని గూడ ఉంటది గాని అది మల్ల రీస్టార్ట్ చేయంగనే ఆన్ అయితది, మనం బయోస్‌కి నాలుగుసార్లు పోయి వస్తం కాబట్టి అది నమ్ముకోవద్దు. లినక్స్ అంతా కుదురుకున్నంక కావాలంటే ఎన్‌క్రిప్షన్ మల్ల ఆన్ చేసుకోవచ్చు, లాప్‌టాప్ దొంగలు ఎత్తుకపోయినా ఫైళ్ళు వాళ్ళు చదవలేరు, కాబట్టి అది చెడ్డదని నేను అనను.

రెండో తాళం ఫాస్ట్ స్టార్టప్. షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగ పండుకోదు, సగం నిద్రల ఉంటది. అప్పుడు లినక్స్ నుంచి సీ డ్రైవ్ తెరిస్తే ఫైళ్ళు చదవనిస్తది గాని రాయనియ్యది. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, పవర్ బటన్లు ఏం చెయ్యాలె అనే కాడికి పోతే టిక్కు ఉంటది, అది తీసెయ్యాలె.

లినక్స్‌కి స్థలం గూడ విండోస్‌లనే తీసుకోవాలె. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి సీ డ్రైవ్ మీద రైట్ క్లిక్ కొట్టి ష్రింక్ చెయ్యుండ్రి, అంటే దాన్ని కుదించుండ్రి, కోడింగ్ కోసమయితే 60 నుంచి 100 జీబీ సరిపోతది. ఇగ బయోస్ అప్‌డేట్ ఉంటే అదిగూడ ఇప్పుడే విండోస్ నుంచి చేసుకోవాలె, కొత్త మాడళ్ళల నిద్ర సమస్యలు, టచ్‌ప్యాడ్ సమస్యలు కొన్ని దాంతోనే పోతయి. కరెంటు పోతదని భయపడేటోళ్ళు బ్యాటరీ నిండినంక చార్జర్ పెట్టే చెయ్యుండ్రి, మధ్యల కరెంటు పోయినా బ్యాటరీ కాపాడ్తది, కాని మధ్యల పవర్ బటన్ మాత్రం ముట్టొద్దు.

ఇంకొకటి, పోయేముందు డివైస్ మేనేజర్ తెరిచి నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద వైఫై చిప్ పేరు, డిస్‌ప్లే అడాప్టర్స్ కింద గ్రాఫిక్స్ పేరు ఫొటో తీసుకోండ్రి. తర్వాత ఇది ఎంత పనికొస్తదో మీకే తెలుస్తది.

పెన్‌డ్రైవ్ కాడ ఆగితే

ఐఎస్‌ఓ దగ్గర్దగ్గర 6 జీబీ ఉంటది. మన పిల్లలకు రోజుకు 2 జీబీ ప్యాకే ఉంటది, డౌన్‌లోడ్ మధ్యల తెగుతది, మల్ల అతుకుతది, చివరికి ఫైలు వచ్చినట్టే ఉంటది కాని లోపల ఒక ముక్క పాడై ఉంటది. ఇన్‌స్టాల్ సగం అయినంక ఏదో ఎర్రర్ వచ్చి ఆగిపోయిందంటే నేను ముందు అనుమానపడేది దీన్నే. టోరెంట్‌తోని దించుకోండ్రి, ఉబుంటు వాళ్ళే సైట్‌ల టోరెంట్ ఇస్తరు, అది ప్రతి ముక్కను తనే సరిచూసుకుంటది, మధ్యల నెట్ పోయినా పాడు కాదు. మామూలుగ దించుకున్నరంటే రూఫస్‌ల (ఐఎస్‌ఓని పెన్‌డ్రైవ్‌లకు ఎక్కించే సాఫ్ట్‌వేర్) ఐఎస్‌ఓ సెలెక్ట్ చేసే బటన్ పక్కన టిక్కు గుర్తు ఉంటది, అది నొక్కితే ఎస్‌హెచ్‌ఏ 256 అని పెద్ద నంబర్ చూపిస్తది, సైట్‌ల ఉన్న నంబర్‌తోని కలవాలె.

పెన్‌డ్రైవ్ పెట్టినంక బూట్ మెనూ (దేని నుంచి మొదలు కావాల్నో అడిగేది) రావాలంటే కంపెనీకి ఒక బటన్. డెల్, లెనోవో, ఏసర్‌లకు ఎఫ్ 12, హెచ్‌పీకి ముందు ఎస్కేప్ తర్వాత ఎఫ్ 9, ఆసుస్‌కు ఎస్కేప్. ఏసర్‌ల మాత్రం ఎఫ్ 12 మెనూని ముందు బయోస్‌ల ఆన్ చెయ్యాల్సి వస్తది. ఈ బటన్లు టపటప కొట్టినా విండోస్‌కే పోతుంటే, షిఫ్ట్ బటన్ ఒత్తిపట్టుకొని రీస్టార్ట్ నొక్కుండ్రి, నీలం మెనూ వస్తది, దాంట్ల యూజ్ ఎ డివైస్ అని ఉంటది, ఆడ్నే పెన్‌డ్రైవ్ ఎంచుకోవచ్చు. బయోస్‌లకు పోవాలన్నా అదే మెనూల ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్ అని దారి ఉంటది.

సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం ఉన్న సిస్టమ్‌నే ఎక్కనిచ్చే బయోస్ తాళం) బంద్ చెయ్యాలె అని ప్రతి వీడియోల చెప్తరు. ఉబుంటు, మింట్ (ఇదీ ఒక లినక్స్), ఫెడోరా మూడూ సెక్యూర్ బూట్ ఆన్‌ల ఉన్నా ఎక్కుతయి, కాబట్టి ముందుగాల ముట్టకండ్రి. ఆఫీసు పనికని చేసిన కొన్ని కొత్త లాప్‌టాప్‌లల మైక్రోసాఫ్ట్ థర్డ్ పార్టీ సర్టిఫికెట్‌ని అనుమతించాల్నా అని బయోస్‌ల ఒక ఆప్షన్ ఆఫ్‌ల ఉంటది, అది ఆన్ చేస్తే చాలు. రూఫస్ కాకుండ వెంటాయ్ అనే సాఫ్ట్‌వేర్‌తోని పెన్‌డ్రైవ్ చేసినోళ్ళకు మొదటిసారి కీ ఎన్‌రోల్ చెయ్యమని నీలం స్క్రీన్ వస్తది, భయపడేది లేదు, అది చెప్పినట్టు చేస్తే మల్ల అడగది.

నల్ల స్క్రీన్

పెన్‌డ్రైవ్ మెనూ వచ్చింది, ట్రై ఆర్ ఇన్‌స్టాల్ కొట్టిండ్రు, ఇగ నల్ల స్క్రీన్ మీద ఒక గీత కొట్టుకుంటుంది, లేకపోతే అదిగూడ లేదు. ఎన్‌విడియా గ్రాఫిక్స్ ఉన్న గేమింగ్ లాప్‌టాప్‌లల ఇది ఎక్కువ. రీస్టార్ట్ చేసి అదే మెనూల సేఫ్ గ్రాఫిక్స్ అని ఉంటే అది ఎంచుకోండ్రి. లేకపోతే మొదటి లైను మీద ఉండంగ కీబోర్డ్‌ల ఇ అక్షరం నొక్కాలె, నాలుగైదు లైన్లు తెరుచుకుంటయి, లినక్స్ అనే పదంతో మొదలయ్యే లైను చివరికి పోయి, ఒక గ్యాప్ ఇచ్చి, నోమోడ్‌సెట్ అని ఒకే పదం కొట్టాలె, ఎన్-ఓ-ఎం-ఓ-డీ-ఈ-ఎస్-ఈ-టీ, మధ్యల గ్యాప్ వద్దు. ఎఫ్ 10 నొక్కితే బూట్ అయితది. దీని అర్థం ఏందంటే, గ్రాఫిక్స్ డ్రైవర్ జోలికి పోకు, ఉన్న స్క్రీన్ ఉన్నట్టు చూపించు అని. బొమ్మ ముతకగ ఉంటది, బ్రైట్‌నెస్ మారది, పర్వాలేదు, ఇది ఇన్‌స్టాల్ వరకే. అసలు డ్రైవర్ వేసుకున్నంక ఈ పదం తీసెయ్యాలె, కొందరు దాన్నే శాశ్వతంగ ఉంచుకొని లాప్‌టాప్ స్లో అయిందని అంటరు.

డ్రైవర్ ఎట్లంటే, ఉబుంటుల అడిషనల్ డ్రైవర్స్, మింట్‌ల డ్రైవర్ మేనేజర్. కంపెనీ సైట్ నుంచి ఫైలు దించుకొని వెయ్యకండ్రి, కెర్నల్ అప్‌డేట్ అయిన రోజు మల్ల నల్ల స్క్రీన్ రావొచ్చు. ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ ఉన్నోళ్ళు లిస్ట్‌ల ఓపెన్ అని రాసి ఉన్నదే ఎంచుకోవాలె, ఆ కార్డులకు వేరేది పని చెయ్యది, నంబర్ గూడ 570 గాని దానికంటే పెద్దది గాని ఉండాలె.

డ్రైవర్ వేసేటప్పుడు సెక్యూర్ బూట్ ఆన్‌ల ఉంటే ఒక పాస్‌వర్డ్ పెట్టుకొమ్మంటది. అది దేనికో అర్థంగాక ఏదో కొట్టి మర్చిపోతరు. రీస్టార్ట్ చేయంగనే నీలం స్క్రీన్ మీద మాక్ (ఎం-ఓ-కే) మేనేజ్‌మెంట్ అని వస్తది, ఆగకుండ ఏదో బటన్ నొక్కాలె, కొద్దిసేపు ఊరుకుంటే అది వెళ్ళిపోయి మామూలుగ బూట్ అయితది, డ్రైవర్ మాత్రం పని చెయ్యది. ఎన్‌రోల్ మాక్, కంటిన్యూ, యెస్, ఇందాక పెట్టిన పాస్‌వర్డ్, రీబూట్, ఇదీ వరస. ఎన్‌విడియా డ్రైవర్ వేసినా ఏం మారలేదు అనేటోళ్ళల చాలమంది ఈ నీలం స్క్రీన్‌ని వదిలేసినోళ్ళే.

డిస్క్ కనపడకపోతే

ఇదే అన్నిటికంటే ప్రమాదమైన కాడ, జెర నిమ్మళంగ చదువుండ్రి. ఇన్‌స్టాలర్ అంతా మంచిగ వచ్చింది, డిస్క్ ఎంచుకోమన్న కాడ పెన్‌డ్రైవ్ ఒక్కటే కనపడ్తది, లోపలి 512 జీబీ ఎస్ఎస్‌డీ లేనే లేదు. లేకపోతే ఆర్‌ఎస్‌టీ (ఇంటెల్ వాళ్ళ డిస్క్ టెక్నాలజీ) ఆన్‌ల ఉంది అని మెసేజ్ వస్తది. ఎస్ఎస్‌డీ పాడు కాలేదు. ఇంటెల్ 11వ జనరేషన్ నుంచి వీఎండీ అని ఒకటి వచ్చింది, ఎస్ఎస్‌డీ నేరుగ కనపడకుండ ఇంటెల్ కంట్రోలర్ ఎనక దాసుకొని ఉంటది. విండోస్‌ని గూడ పెన్‌డ్రైవ్‌తోని కొత్తగ వెయ్యబోతే, ఇంటెల్ డ్రైవర్ పక్కన పెట్టుకోకపోతే దానికి గూడ డిస్క్ కనపడకపోవచ్చు, కాబట్టి ఇది లినక్స్ ఒక్కదాని బాధ గాదు. ఏఎండీ రైజెన్ లాప్‌టాప్‌లల ఈ వీఎండీ ఉండది.

ముందు ఇంకా కొత్త ఐఎస్‌ఓ తోని చూడుండ్రి, ఎందుకంటే కెర్నల్‌ల వీఎండీ డ్రైవర్ ఉంది, కొన్నిట్ల దాంతోనే కనపడ్తది. అయినా కనపడకపోతే బయోస్‌ల వీఎండీని డిసేబుల్ చెయ్యాలె, లేకపోతే స్టోరేజ్ మోడ్‌ని రెయిడ్ నుంచి ఏహెచ్‌సీఐకి మార్చాలె. ఏసర్‌ల ఈ ఆప్షన్ దాసిపెట్టి ఉంటది, బయోస్‌ల మెయిన్ ట్యాబ్ కాడ కంట్రోల్ పట్టుకొని ఎస్ నొక్కితే బయటికి వస్తది.

కాని నేరుగ పోయి మార్చిండ్రంటే విండోస్ బూట్ కాదు, నీలం స్క్రీన్ వచ్చి బూట్ డివైస్ దొరకలేదంటది. విండోస్ ఉంచుకునేటోళ్ళు వరస ఇట్ల పాటించాలె. మొదలు విండోస్‌ల ఎంఎస్‌కాన్ఫిగ్ అనే టూల్ తెరిచి, బూట్ ట్యాబ్‌ల సేఫ్ బూట్, మినిమల్ అని టిక్కు పెట్టాలె. రీస్టార్ట్ కొట్టి సీదా బయోస్‌లకు పోవాలె, మధ్యల విండోస్‌లకు పోనియ్యొద్దు. ఆడ వీఎండీ తీసేసి సేవ్ చేసి బయటికి రావాలె. ఇప్పుడు విండోస్ సేఫ్ మోడ్‌ల తెరుచుకుంటది, తనకు కావాల్సిన డ్రైవర్ తనే పెట్టుకుంటది. ఆడ పిన్ నంబర్ పని చెయ్యకపోవచ్చు, అకౌంట్ అసలు పాస్‌వర్డ్ అడుగుతది, అది గుర్తుండాలె, నేను ముందు అకౌంట్ ఎవరిదో చూసుకోండ్రి అన్నది దీనికోసం గూడ. లోపలికి పోయినంక మల్ల ఎంఎస్‌కాన్ఫిగ్‌ల టిక్కు తీసి రీస్టార్ట్ చేస్తే మామూలు విండోస్ వస్తది. పొరపాటున ముందే మార్చి నీలం స్క్రీన్ వచ్చిందా, కంగారువడి ఫార్మాట్ కొట్టకండ్రి, బయోస్‌ల మల్ల పాత సెట్టింగే పెడితే విండోస్ తిరిగొస్తది, అప్పుడు మొదటి నుంచి వరసగ చెయ్యుండ్రి.

డిస్క్ కనపడ్డంక ఇన్‌స్టాలర్ ఎరేస్ డిస్క్ అని ఒకటి చూపిస్తది, అది మొత్తం తుడిచేస్తది, విండోస్ కావాలనుకునేటోళ్ళు దాని దిక్కు గూడ చూడొద్దు. విండోస్ పక్కన పెట్టు అనే ఆప్షన్ వస్తే అది తీసుకోండ్రి. చేతితోని పార్టిషన్ చేసుకునేటోళ్ళకు ఒక్కటే మాట, ముందు నుంచి ఉన్న చిన్న ఈఎఫ్ఐ పార్టిషన్‌నే వాడుకోవాలె, దాన్ని ఫార్మాట్ చెయ్యకూడదు, ఎందుకంటే విండోస్ బూట్ ఫైళ్ళు దాంట్లనే ఉంటయి.

వైఫై రాకపోతే

దీనికి పరేషాన్ కావొద్దు, మన జేబులనే మందు ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌ని చార్జింగ్ కేబుల్‌తోని లాప్‌టాప్‌కి పెట్టి, ఫోన్ల హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌ల యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యుండ్రి, డ్రైవర్ ఏం అక్కర లేకుండ నెట్ వస్తది. కేబుల్ చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే చవకది అయితే రాదు, ఫైళ్ళు పోయే కేబుల్ కావాలె. ఫోన్ వైఫైకి కలిసి ఉంటే ఆ వైఫై నెట్టే లాప్‌టాప్‌కి వస్తది, మొబైల్ డేటా కాదు, కాబట్టి ఇంట్ల వైఫై ఉన్నోళ్ళు అప్‌డేట్ ఎంత పెద్దదయినా భయపడేది లేదు.

నెట్ వచ్చినంక, విండోస్‌ల తీసుకున్న ఆ ఫొటో తియ్యుండ్రి. రియల్‌టెక్ 8852బీఈ అని ఉంటే దాని డ్రైవర్ కెర్నల్ 6.2 నుంచి ఉంది, మీడియాటెక్ ఎంటీ 7925 అయితే 6.7 నుంచి. మీ కెర్నల్ అంతకంటే పాతదయితే ఎన్ని తిప్పలు పడ్డా రాదు, కెర్నల్ ఎక్కించుకోవాలె, మింట్‌ల అప్‌డేట్ మేనేజర్‌ల వ్యూ మెనూ కింద లినక్స్ కెర్నల్స్ అని ఉంటది, మౌస్‌తోనే అయిపోతది. ఉబుంటుల మామూలు అప్‌డేట్లన్నీ వేసుకొని రీస్టార్ట్ చేస్తే కొత్త కెర్నల్ దానంతట అదే వస్తది. కెర్నల్ కొత్తదే ఉండి గూడ రాకపోతే చిప్‌కి కావాల్సిన ఫర్మ్‌వేర్ ఫైలు లేనట్టు, దాన్నిగూడ అప్‌డేటే తెస్తది. ఇంటర్నెట్‌ల ఎవరో రాసిపెట్టిన డ్రైవర్ దించుకొని కంపైల్ చెయ్యమని కొందరు చెప్తరు, అది నేను అన్నిటికంటే చివర చేసే పని, ఎందుకంటే ప్రతి కెర్నల్ అప్‌డేట్‌కి అది మల్ల పోవచ్చు.

అంతా అయ్యి రీస్టార్ట్ చేస్తే సీదా విండోస్ వస్తే

లినక్స్ పోలేదు, లోపలనే ఉంది. బయోస్‌ల బూట్ ఆర్డర్ కాడికి పోయి విండోస్ బూట్ మేనేజర్ మీదికి ఉబుంటుని జరపాలె. అట్ల జరపనియ్యకపోతే ఇందాక చెప్పిన బూట్ మెనూ బటన్‌తోని ఎప్పుడు ఏది కావాలంటే అది ఎంచుకోవచ్చు. ఎన్‌క్రిప్షన్ మల్ల ఆన్ చేసుకున్నోళ్ళు విండోస్‌ని ఆ బూట్ మెనూ నుంచే తెరవడం మంచిది, లినక్స్ మెనూ నుంచి తెరిస్తే ఒక్కోసారి 48 అంకెలు మల్ల అడుగుతది.

సౌండ్ కాడ డమ్మీ అవుట్‌పుట్ అని చూపిస్తే కొత్త ఇంటెల్ లాప్‌టాప్‌లకు సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ అనే ప్యాకేజీ కావాలె, ఎస్ఓఎఫ్ అని వెతికితే దొరుకుతది, వేసి పూర్తిగ షట్‌డౌన్ చేసి ఆన్ చెయ్యుండ్రి. కెమెరా సంగతి కొంచెం కష్టం, కొన్ని సన్నటి ఇంటెల్ లాప్‌టాప్‌లల ఐపీయూ 6 అనే కొత్త రకం కెమెరా ఉంటది, అది తొందరగ పని చెయ్యది, ఆన్‌లైన్ క్లాసులు ఉన్నోళ్ళు అప్పటిదాకా యూఎస్‌బీ కెమెరా వాడుకోండ్రి. వేలిముద్ర గూడ చాలా మాడళ్ళల పని చెయ్యది, దాని ఎనక పడి రోజులు పాడు చేసుకోకండ్రి.

మూత వేస్తే నిద్రపోయినట్టే ఉంటది కాని బ్యాటరీ కరిగిపోతది. కొత్త లాప్‌టాప్‌లల పాతకాలం లోతు నిద్ర తీసేసిండ్రు, ఫోన్ లెక్క తేలిక నిద్రే ఉంది. లాప్‌టాప్ బ్యాగుల పెట్టుకొని నల్లగొండల బస్సెక్కి నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగ ఎల్బీనగర్ల దిగేసరికి బ్యాగు వేడిగ ఉంటది. నేనయితే బస్సు ప్రయాణం ఉన్నప్పుడు షట్‌డౌనే చేస్త.

ఇంకొక చిన్న వింత, లినక్స్ నుంచి విండోస్‌కి పోతే గడియారం సరిగ్గ ఐదున్నర గంటలు ఎనకకు పోతది. సెల్ పోయిందని మదర్‌బోర్డ్ విప్పించినోళ్ళు ఉన్నరు, విప్పకండ్రి. లినక్స్ లోపలి గడియారంల ప్రపంచ కాలం పెడ్తది, విండోస్ దాన్ని మన కాలం అనుకుంటది, మనకూ దానికీ తేడా ఐదున్నర గంటలు కాబట్టి అంతే తప్పుతది. లినక్స్ టెర్మినల్ల (కమాండ్లు కొట్టే కిటికీ) టైమ్‌డేట్‌సీటీఎల్ అని కొట్టి, గ్యాప్ ఇచ్చి, సెట్-లోకల్-ఆర్‌టీసీ, మల్ల గ్యాప్, 1 అని కొడితే రెండూ ఒకే టైము చూపిస్తయి.

తెలుగు రాసుకునేటోళ్ళు ఐబస్ ఎం17ఎన్ అనే ప్యాకేజీ వేసుకొని, లాగవుట్ అయ్యి వచ్చి, సెట్టింగ్స్‌ల కీబోర్డ్ కాడ తెలుగు చేర్చుకోండ్రి, ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు పడేది గూడ దాంట్ల ఉంది, విండోస్ బటన్, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతది.

ఇదంతా చేసినా ఏదన్న కాడ ఆగితే, తెలిసినోళ్ళని అడిగేటప్పుడు "ఎక్కుతలేదు" అని ఒక్క ముక్క పంపకండ్రి. లాప్‌టాప్ అడుగున ఉన్న స్టిక్కర్ ఫొటో, ఏ ఐఎస్‌ఓ, ఏ అంకె, ఆగిన కాడ స్క్రీన్ ఫొటో కోతలు లేకుండ, దానికి ముందు మీరు ఏం నొక్కిండ్రో అది, ఈ నాలుగు పంపితే ఎవరైనా ఐదు నిమిషాలల చెప్పగలుగుతరు. డిస్క్ కాడ అనుమానం అయితే మాత్రం ఇన్‌స్టాల్ బటన్ నొక్కకముందే పంపుండ్రి.